తండ్రి నోరు విప్పకూడని పడవ

రాత్రి కాకిరాళ్ళ గుహలో జరిగిన ఘోరాన్ని నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. పడవ రేవులో సిద్ధంగా ఉంది, గాలి మన ముచ్చట్ల కోసం ఆగదు.

జంభకుడనే మాంత్రికుడు, సాగరికా రాజ్యాధిపతి అర్ణవసేన మహారాజు తమ్ముడైన మణికేతుణ్ణి ఉప్పుబొమ్మగా మార్చి, పోటు నీరు అందే చోట నిలబెట్టాడు. సాయంకాలం పోటు వచ్చిందంటే ఆ బొమ్మ కరిగిపోతుంది, దానితో మణికేతుడి కథ ముగుస్తుంది. ఆ పైన ఆ దుర్మార్గుడు మణికేతుడి రూపం ధరించాడు. అతని గొంతు, అతని నవ్వు, ఎడమకాలు కాస్త ఈడ్చే నడకతో సహా అన్నీ తెచ్చిపెట్టుకుని, తెల్లవారేసరికి ముత్యాలరేవు చేరి, అన్నగారి పాదాలకు దండం పెట్టాడు. అన్నగారు నిండు మనసుతో దీవించాడు కూడా.

వాడు ఇంత తంటాలు పడి రావడానికి కారణం ఉంది. ఆ రోజు యువరాణి విద్యుల్లత మొదటిసారి చుక్కాని పట్టే రోజు.

సాగరికలో రాజ్యార్హత కత్తితో తేలదు, శాస్త్రాలతో తేలదు. వారసులు యుక్తవయసు రాగానే కుటుంబంతో కలిసి పడవెక్కి, చుక్కాని పట్టి, తీరం కనుమరుగయ్యేదాకా వెళ్ళి తిరిగి రేవు చేరాలి. నావికులెవరూ తోడుండరు, ఆయుధాలు ఉండవు. తల్లి తన పెళ్ళిచీర అంచు చించి బిడ్డ కుడి మణికట్టును చుక్కాని పిడికి కట్టేస్తుంది. బాబాయి పడవ ముక్కున నిలబడి దారి చెబుతాడు. తండ్రి తెరచాప కొయ్యకు ఆనుకుని, బిడ్డకు వీపు పెట్టి కూర్చుంటాడు. తిరిగి రేవులో దిగేదాకా ఆయన నోటి వెంట ఒక్క మాట రాకూడదు. వచ్చిందా, ఆ మాటే చుక్కాని పట్టినట్టు లెక్క. బిడ్డకు రాజ్యం లేదు.

అంతటితో పోతే బాగానే ఉండును. ఆచారం చెడనంతసేపూ ఆ పడవకు సముద్రమ్మ కాపలా ఉంటుంది, దాని మీద కొత్తగా ఏ మంత్రమూ పారదు. చెడిన మరుక్షణం ఆ కాపలా తొలగిపోతుంది. జంభకుడు కాచుకుని ఉన్నది ఆ క్షణం కోసమే. రాజు నోట ఒక్క మాట రాలితే చాలు, రాజూ రాణీ యువరాణీ ముగ్గురూ ఒక్క గుక్కలో వాడి పాలవుతారు. ఒక రాజవంశాన్ని వేరుతో సహా బలి ఇస్తానని వాడు తన క్షుద్రదేవతకు మాట ఇచ్చి చాలా కాలమైంది.

ప్రభాతకిరణాలు సోకి పగడపు కాంతులీనుతున్న ఆ మహాసాగరం మీద నీలవేణి అనే రాచపడవ ఒయ్యారంగా ఊగుతోంది. హంసముఖం చెక్కిన ముక్కు, దంతపు పూలు తాపిన అంచులు, వెండి జరీతో మీనయుగళం కుట్టిన పచ్చపట్టు తెరచాప, దాని కొసన గలగలలాడే చిరుమువ్వలు, చూడడానికి వేయి కళ్ళు కావాలి. రాణి కనకాంగికి ఉన్నవి రెండే కళ్ళు. ఆ రెండూ అన్నం గంప మీదే ఉన్నాయి.

"పులిహోర పక్కన నీళ్ళకుండ పెట్టిన బుద్ధిమంతులెవరు? ఒలికితే అందరూ జావ తాగుదురుగాని" అంటూ ఆమె కుండను జరిపి, కూతురి దగ్గరకు వచ్చి, చీర అంచును పిడి చుట్టూ బిగించింది. "కదలకు. ఇంత వయసొచ్చింది, ఒక్కచోట నిలబడడం రాదు. ఈ నిలకడతోనేనా రాజ్యం ఏలేది?"

"ముడి బిగుతుగా ఉందమ్మా."

"బిగుతుగా ఉండాలనే కట్టాను. చెయ్యి ఊడిరాదులే."

కనకాంగి తిట్టకుండా ఉన్న రోజు అంతఃపురంలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆమె తిట్లకు జడిసినవాళ్ళూ లేరు, అలిగినవాళ్ళూ లేరు. ఆమెకు నీళ్ళంటే మాత్రం ప్రాణభయం. ఈత రాదు. కూతురి కోసమే ఆ పడవెక్కింది.

తాడు విప్పారు. విద్యుల్లత పిడిని ఎడమకు నెట్టింది. పడవ కుడికి తిరిగి, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మంత్రిగారి దోనె మీదికి నిక్షేపంగా పోయింది. మంత్రిగారు తలపాగా పట్టుకుని దోనెలో వెల్లకిలా పడ్డాడు. విద్యుల్లత కంగారుగా మరింత ఎడమకు నెట్టింది, పడవ మరింత కుడికి పోయింది.

"పిడి ఎప్పుడూ ఎడ్డెమంటే తెడ్డెమంటుంది అమ్మడూ" అని పడవ ముక్కు మీంచి నవ్వాడు బాబాయి వేషంలోని జంభకుడు. "కుడికి పోవాలంటే ఎడమకు నెట్టు. ఎడమకు పోవాలంటే కుడికి."

రాజు వీపు కదులుతోంది. ఆయన నోరు మూసుకునే నవ్వుతున్నాడు.

కొంతసేపటికి పిడి ఆమె మాట వినసాగింది. గాలి నిండిన తెరచాప లాగుతుంటే, కింద నీళ్ళు చుక్కానిని తోస్తుంటే, ఆ రెండింటి పెనుగులాటా మణికట్టులో తెలుస్తుంటే, విద్యుల్లతకు చెప్పలేనంత సంతోషం కలిగింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషం ఆమె ఎరగదు. రేవు చిన్నదైంది, కోటగోపురం చిన్నదైంది, తీరం గీతలా సన్నబడి మాయమైంది. పాపం, ఆ పిల్ల సంతోషపు వాటా అంతటితో సరి.

నడిసముద్రంలో అలలు లేచాయి. పడవ ఎక్కి దిగడం మొదలుపెట్టింది. కనకాంగి ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చేత్తో కొంగుముడి విప్పి శొంఠి ముక్క తీసింది. అది మణికేతుడి కోసం. సముద్రరాజుల ఇంట పుట్టి, పడవ రేవు దాటకముందే కడుపులో తిప్పి కూలబడే ఘనుడతను. శొంఠి బుగ్గన పెట్టుకోకుండా అతను పడవలో నిలబడడం ఎవరూ చూడలేదు.

"మరిదీ, ఇదిగో శొంఠి" అంది.

"వద్దు వదినా. నాకు ఆ ఘాటు పడదు."

రాజు తల చటుక్కున పైకి లేచింది. ముక్కున నిలబడ్డవాడు పడవ ఎంత ఊగినా కాళ్ళు పాతేసినట్టున్నాడు. ముఖంలో చెమట లేదు, వికారం లేదు. కనకాంగి శొంఠిని మళ్ళీ కొంగున ముడివేసుకుంటూ మామూలుగా నవ్వింది.

"అదే మంచిది. కిందటి నౌకోత్సవంలో మీ అన్నగారి పట్టుపంచె అంతా పాడుచేశారు కదా. ఈసారైనా దక్కనివ్వండి."

"ఇంకా మరచిపోలేదా వదినా? ఆ రోజు పాయసం కాస్త ఎక్కువైంది" అని వాడు కూడా నవ్వాడు.

కిందటి నౌకోత్సవానికి మణికేతుడు జ్వరంతో మంచం మీద ఉన్నాడు. పడవే ఎక్కలేదు.

కనకాంగి గిన్నెలో పులిహోర పెట్టుకుని, పడుతూ లేస్తూ వెనక్కు వచ్చింది. చెయ్యి కట్టేసిన బిడ్డకు తల్లి ముద్దలు పెట్టడం కూడా ఆచారమే కనుక ముక్కు మీదున్నవాడికి అనుమానం రాలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టి రాణి గుసగుసగా అంది:

"నములుతూ విను. ముఖం మార్చకు. అక్కడున్నవాడు మీ బాబాయి కాడు."

విద్యుల్లతకు ముద్ద గొంతుకు అడ్డం పడింది. "మరి ఎవరు?"

"ఎవడైతేనేం, మనవాడు కాడు. మింగు ముందు. మింగి, మెల్లగా పడవ ఇంటివైపు తిప్పు. మీ నాన్నగారికి తెలిసిపోయింది, ఆ వీపు చూస్తే తెలియడంలేదూ?"

అప్పటికే ఎదురుగా కాకిరాళ్ళు కనిపిస్తున్నాయి. సముద్రగర్భం చీల్చుకుని లేచిన కరాళదంష్ట్రల్లా రెండు వరుసల నల్లని శిలలు. వాటి నెత్తిన వేల కాకులు, ఒక్కటీ అరవదు. ఆ రాళ్ళ పాదాల దగ్గర పగిలిన పడవల పక్కటెముకలు, పాకుడు పట్టిన పుర్రెలు. శిలల నడుమ నల్లని నీరు సుడులు తిరుగుతూ లోపలి గుహలోకి పోతోంది. సాగరికలో చేపలు పట్టే ప్రతివాడికీ తెలుసు, అటు పోయిన పడవ తిరిగిరాదని. రాజుకు ఇంకా బాగా తెలుసు. ఆయన తొడల మీద పిడికిళ్ళు బిగించి, పెదవి కొరుక్కుని కూర్చున్నాడు.

"తిన్నగా పోనియ్ అమ్మడూ" అన్నాడు జంభకుడు. "నడుమ చక్కని దారి ఉంది." అంటూ వాడు చూస్తున్నది దారిని కాదు, రాజు పెదవులను.

విద్యుల్లత పడవను కుడికి తిప్పాలనుకుంది. భయంలో నేర్చిన పాఠం మరచి, పిడిని కుడికే నెట్టింది. పడవ గిర్రున ఎడమకు తిరిగి నేరుగా సుడి నోట్లో పడింది. ప్రవాహం అడుగున పట్టి లాగింది. ఆ కుదుపుకు పులిహోర గిన్నె ఎగిరి సముద్రంలో పడింది.

జంభకుడు చూపు రాజు మీంచి చుక్కాని వైపు తిప్పాడు. తల్లీకూతుళ్ళ ముఖాలు చూడగానే వాడికి సంగతి అర్థమైంది. ఇక నటించే అవసరం లేదు. కాలు ఈడ్చడం మాని రెండంగల్లో వచ్చి, కనకాంగి జుట్టు పట్టి పడవ అంచుకు ఈడ్చి, దుస్తుల్లో దాచి తెచ్చిన కత్తి మెడకు ఆనించాడు. మంత్రం పారకపోయినా కత్తికి అడ్డేముంది?

"అన్నయ్యా" అన్నాడు, ఇంకా మణికేతుడి గొంతుతోనే. "నీ తమ్ముడు ఆ గుహలో ఉప్పుబొమ్మై నిలబడ్డాడు. సాయంత్రానికి కరిగిపోతాడు. నీ భార్యను ఇప్పుడే కోస్తాను. వదిలెయ్ అని ఒక్క మాట అను. నిజంగానే వదిలేస్తాను. ఒక్క మాటకు ఇంత పిసినారితనమా?"

రాజు ముఖం పాలిపోయింది. నోరు తెరుచుకోబోయింది.

"మాట్లాడకండి" అంది కనకాంగి. కత్తి మొన దిగి ఆమె మెడ మీద నెత్తురు చారికట్టింది. "నా మీద ఒట్టు. పెళ్ళయిన నాటినుంచీ మీరు కాసేపు నోరు మూసుకుంటే బాగుండునని మొక్కుకుంటూనే ఉన్నాను. ఇవాళ ఆ ముచ్చట తీర్చండి."

రాజు తన ఉత్తరీయం కొస ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. లేవకూడదని ఆచారంలో లేదు. ఆయన లేచాడు, ఒక్క ఉరుకున వాడి మీద పడ్డాడు. కత్తి ఆయన భుజంలో పిడిదాకా దిగింది. అరుపంతా ఆ గుడ్డలోనే ఇంకిపోయింది. విద్యుల్లత చెయ్యి లాక్కుంది, ముడి రాలేదు. కళ్ళముందే తండ్రి కొయ్య మొదట్లో కూలబడ్డాడు. కనకాంగి జంభకుడి చెవి కరిచి పట్టుకుంది. పడవ ఒరిగింది. ఇద్దరూ పెనవేసుకునే సముద్రంలో పడ్డారు.

పడవ దాటి నీళ్ళలో పడగానే వాడి మంత్రానికి అడ్డు తొలగింది.

సుడి ఒకసారి మూసుకుని తెరుచుకుంది. అందులోంచి ఒక తల పైకి లేచింది. విడిన జుట్టు, మెడ మీద కత్తిగాటు, కనకాంగి. దానికి ఎదురుగా, రెండో వైపు నల్లరాయి దగ్గర, ఇంకొక తల లేచింది. అదే జుట్టు, అదే గాటు, అదే కనకాంగి.

ఇద్దరూ మునుగుతూ తేలుతున్నారు. పడవ ఆ ఇద్దరి నడుమకు కొట్టుకుపోతోంది. కుడికి తిరిగితే కుడివైపు ఆమె దగ్గరకు, ఎడమకు తిరిగితే ఎడమవైపు ఆమె దగ్గరకు చేరవచ్చు. ఒకసారి తిప్పాక మళ్ళీ రెండోవైపు రావడానికి ఆ ప్రవాహం ఒప్పుకోదు. విద్యుల్లత తండ్రి వైపు చూసింది. నోరు విప్పక్కరలేదు, ఆయన తల ఏ వైపు తిరిగితే ఆ వైపే అమ్మ అనుకుంది. కట్టుకున్న భార్యను గుర్తుపట్టలేడా?

అర్ణవసేనుడికి కూతురి ఆలోచన తెలిసింది. తన చూపు కూడా మాటే అవుతుందేమోనని ఆయన భయపడ్డాడు. తల వంచి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. భుజం నుంచి నెత్తురు ధారకడుతోంది. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏ భర్తకూ అటువంటి గడియ రాకూడదు.

కుడివైపు ఆమె చెయ్యెత్తి పిలిచింది. "తల్లీ, నా కోసం ఆగకు. నా ప్రాణం పోతే పోనీ. నాన్నగారిని కాపాడుకో. నువ్వు చల్లగా రాజ్యం ఏలితే నాకదే చాలు."

గొంతు అమ్మదే. మాట వింటుంటే గుండె కరిగిపోతోంది. విద్యుల్లత చెయ్యి తనకు తెలియకుండానే పిడిని ఎడమకు నెట్టబోయింది.

ఎడమవైపు ఆమె నీళ్ళు మింగి, ఉక్కిరిబిక్కిరై, దగ్గి, గొంతు చించుకుంది. "ఏమిటే ఆ గుడ్లప్పగించి చూడడం? తాడు విసరవేం? ఈత రాదని తెలుసుగా, ఇక్కడ చచ్చిపొమ్మంటావా?"

విద్యుల్లత పిడిని కుడికి నెట్టింది.

త్యాగాల మాటలు ఏ మాంత్రికుడైనా ఏ కథలోంచైనా ఏరుకుని వల్లించగలడని ఆమెకు తోచింది. చావుభయంతో బిడ్డను తిట్టిపోసే ఆ తల్లి మాత్రం తన ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. పడవ ఎడమకు కోసుకుపోయింది. అడుగు ఒక రాతిని ఒరుసుకుంది, చుక్కాని కీచుమంది, ముడి కింద ఆమె మణికట్టు చర్మం ఊడివచ్చింది. ఆమె పిడి వదల్లేదు. ఎడమచేత్తో తాడు విసిరింది. మొదటిసారి అందలేదు. రెండోసారి అందింది. తాడు కొసను పళ్ళతో పట్టి, మోకాలు అంచుకు తన్ని లాగింది. తెల్లగా పాలిపోయిన చేతివేళ్ళు అంచు మీద పడ్డాయి, ఆపైన ముంజేతులు, ఆపైన నీళ్ళోడుతున్న తల. కనకాంగి పడవలోకి బోర్లాపడి, కడుపులోని సముద్రమంతా కక్కింది.

కక్కుతూనే అంది, "రెండోసారికా తాడు విసరడం వచ్చేది."

ఆ మాట విని రాజు కళ్ళు తెరిచాడు. ఎదురుగా భార్య ఉంది. బతికి ఉంది. తడిసి ముద్దై, దగ్గుతూ, విసుక్కుంటూ ఉంది. ఆమె మెడ మీద కత్తి ఉన్నప్పుడు ఆయన నోరు మెదపలేదు. తన భుజంలో కత్తి దిగినప్పుడు మెదపలేదు. ఆమె మునుగుతుంటే మెదపలేదు. అంత నిబ్బరమూ ఇప్పుడు ఒక్కసారిగా సడలింది. నోట్లో గుడ్డ ఎప్పుడు జారిందో ఆయనకే తెలియదు.

"కనకం" అన్నాడు.

చాలా మెల్లగా అన్నాడు. కూతురు పుట్టకముందు ఆమెను అలా పిలిచేవాడు.

శిలల మీది కాకులన్నీ ఒక్కసారి అరిచాయి. పడవ అడుగున ఏదో బరువైనది ఇంతసేపూ ఆనుకుని ఉండి పక్కకు తొలగినట్టు నీలవేణి కుంగింది. అంచుల వెంట, నీళ్ళలోంచి, మాంసం లేని వేళ్ళు ఒకటొకటిగా పైకి పాకి పలకలను పట్టుకున్నాయి. కుడివైపు మునుగుతున్న కనకాంగి మునగడం మానేసింది. నేల మీద లేచినట్టు నీళ్ళ మీద లేచి నిలబడి, అరచేత్తో ముఖం తుడుచుకుంది. ఆ చేతి కింద కనకాంగి ముఖం చెరిగిపోయి జంభకుడి ముఖం వచ్చింది. వాడు తొందరపడలేదు. చీర అంచు ఎత్తి పట్టుకున్నట్టు అలలను తప్పించుకుంటూ, పడవవైపు నడిచి రాసాగాడు.

రాజు తన నోటిమీద తనే కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. కనకాంగి పాకుతూ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె ఆయనను ఒక్క మాట అనలేదు. అది చూసి విద్యుల్లతకు నిజంగా భయం వేసింది.

రాజ్యం పోయింది. సముద్రమ్మ కాపలా పోయింది. చెయ్యి ఇంకా పిడికే ఉంది, తెరచాపలో గాలి ఇంకా ఉంది. ఆమె ఏడుపు మింగుకుని ముందుకు చూసింది. నడిచి వస్తున్నవాడు గుహ ద్వారానికీ పడవకూ నడుమ ఉన్నాడు.

"నాన్నా" అంది విద్యుల్లత. "ఇక మీరు మాట్లాడొచ్చు. ఎటు తిప్పమంటారు?"

అర్ణవసేనుడు తలెత్తాడు. తన జీవితంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. భుజంలో దిగిన కత్తిని రెండో చేత్తో పట్టి బయటికి లాగాడు.

"తిప్పొద్దు తల్లీ" అన్నాడు. "తిన్నగా వాడి మీదికే పోనియ్. వాడి వెనకే మీ బాబాయి ఉన్నాడు."